స్టర్‌బ్రిడ్జ్ వెళ్తే వంటింట్లో ఆగండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలని బోస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు అడుగుతుంటారు. నేనైతే ముందు ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ అంటాను. మసాచుసెట్స్‌లో ఉంది. 1830ల నాటి న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) పల్లె జీవితాన్ని చూపించే మ్యూజియం ఇది, 1946లో తెరిచారు. ఇక్కడి ఇళ్ళు, దుకాణాల్లో చాలావరకు అప్పటి అసలు కట్టడాలే. వేరే ఊళ్ళ నుంచి తరలించి తెచ్చి నిలబెట్టారు.

మా అత్తయ్య అక్కడి ఫ్రీమన్ ఫార్మ్ అనే రైతు ఇంటి వంటింట్లోంచి ఓ పట్టాన కదల్లేదు. పెద్ద పొయ్యి పక్కనే గోడలో ఇటుకల ఓవెన్ ఉంటుంది. దానిలోపలే కట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, ఇటుకలు పట్టుకున్న వేడితో రొట్టె కాలుస్తారు. "వేడి సరిపోయిందని ఎట్లా తెలుస్తుందో అడుగమ్మా" అంది అత్తయ్య. లోపల చెయ్యి పెట్టి, ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలమో చూస్తారట. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి మీద వండిన మనిషి కదా, వెంటనే తలూపింది. మాంసం కాల్చే తగరపు పెట్టె ఇంకా బాగుంది. నిప్పు వైపు తెరిచి ఉంటుంది, లోపలి మెరుపు వేడిని మళ్ళీ మాంసం మీదికే కొడుతుంది. వెనక చిన్న తలుపు తీసి చూసుకోవచ్చు.

కుమ్మరి పాక కనెక్టికట్‌లోని గోషెన్ నుంచి వచ్చింది, హార్వీ బ్రూక్స్ అనే కుమ్మరిది. సారె మీద ఎర్రమట్టి పాత్ర లేస్తుంటే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేశారు.

వెర్మాంట్ నుంచి తెచ్చిన ఏసా నైట్ దుకాణంలో మాత్రం అడిగి తెలుసుకోవాలి. అప్పటి పల్లె కొట్లలో చేతికి డబ్బు అందడం తక్కువ. ఆడవాళ్ళు వెన్న, చీజ్ తెచ్చి ఖాతాలో జమ వేయించుకుని, పూల గుడ్డో, టీ పొడో పట్టుకెళ్ళేవారు. ఇంటి పనితో పాటు ఇదంతా కూడా వాళ్ళ సంపాదనే. ఏ ఇల్లు చూసినా నాకు ముందు ఆ చేతులే గుర్తొచ్చాయి.

దారులు మట్టివి, గట్టి బూట్లు వేసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో మెల్లగా నడవాలి. టైం తక్కువైతే సేలమ్ టౌన్ అనే ధనవంతుడి ఇంటిని పైపైన చూసేయండి, అక్కడ మిగిలిన సమయం కుమ్మరి దగ్గర గడపండి.