అకలేసియాకి బెలూనా, హెల్లర్ ఆపరేషనా, పోయెమా: ఏది మేలు?

కావలిలో మా నాయన రెండేళ్లపాటు కూర్చుని అన్నం తిన్నది లేదు. ముద్ద మింగి లేచి నిలబడి, మెడ పైకెత్తి, రొమ్ము మీద అరచేత్తో రుద్దుకుంటూ చెంబెడు నీళ్లు తాగితే గానీ అది కిందికి దిగేది కాదు. కొన్నాళ్లకి ఆ నీళ్లూ దిగలేదు. అందరూ గ్యాస్ అన్నారు, మేమూ గ్యాస్ మాత్రలే మింగించాం. రాత్రి పడుకుంటే తిన్నది నోట్లోకొచ్చి పొరబోయేది, తెల్లారేసరికి దిండు తడిసిపోయి ఉండేది. పద్నాలుగు కిలోలు తగ్గాక చెన్నై తీసుకెళ్తే అకలేసియా అన్నారు.

అన్నవాహిక కడుపులోకి తెరుచుకునేచోట ఒక బిగుతు కండరం ఉంటుంది, మింగినప్పుడు అది వదులవ్వాలి. దాన్ని వదులు చేసే నరాల కణాలు ఈ జబ్బులో చచ్చిపోతాయి. అవి మళ్లీ రావు. అందుకే ఏ వైద్యమైనా ఆ బిగువు వదిలించేదే తప్ప జబ్బుని మొత్తంగా పోగొట్టేది కాదు, ఇది ముందే తెలుసుకుంటే తర్వాత బాధ ఉండదు.

బెలూన్ అంటే నోటి గుండా లోపలికి పంపి గాలితో ఉబ్బించి కండరాన్ని చీల్చడం. 30 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, చాలకపోతే 35, 40 దాకా వెళ్తారు. కోత లేదు, ఖర్చు తక్కువ. కానీ వందలో ఇద్దరికి అన్నవాహికకి చిల్లు పడొచ్చు, కొన్నేళ్లకి మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. నలభై లోపు మగవాళ్లకి ఇది అంతగా నిలవదు.

హెల్లర్ ఆపరేషన్ 1913 నాటిది, జర్మనీ సర్జన్ ఎర్న్‌స్ట్ హెల్లర్ మొదలుపెట్టాడు. ఇప్పుడు పొట్టమీద చిన్న రంధ్రాలతో ఆ కండరం కోసి, పులుపు పైకి తన్నకుండా కడుపు పైభాగాన్ని దానిమీదికి కొంచెం చుట్టి కుడతారు. పోయెమ్‌లో కూడా కోసేది ఆ కండరాన్నే, కాకపోతే ఎండోస్కోపీతో నోట్లోంచి వెళ్లి, లోపొర కింద సొరంగం చేసి కోస్తారు. జపాన్‌లో హరుహిరో ఇనోయె 2008లో మొదట మనుషులకి చేశాడు.

2019లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు చూడండి. రెండేళ్ల తర్వాత పోయెమ్ 92 శాతం మందికి పనిచేస్తే బెలూన్ 54 శాతం మందికే పనిచేసింది. హెల్లర్‌తో పోలిస్తే మాత్రం పోయెమ్ 83 శాతం, హెల్లర్ 82, అంటే సమానం. కానీ పోయెమ్ తర్వాత పులుపు తన్ని అన్నవాహిక పుండయ్యేది ఎక్కువ: 44 శాతం, హెల్లర్‌లో 29. "కోత లేదు కదా" అని పోయెమ్‌కి పరిగెత్తేవాళ్లకి ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పట్లేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ముందు మానోమెట్రీ (అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించి, ఈ జబ్బులో ఉన్న మూడు టైపుల్లో ఏదో అడగండి. మూడో టైపు అయితే ఆలోచించకుండా పోయెమే, ఎందుకంటే అందులో అన్నవాహిక కూడా బిగుసుకుపోతుంది, దాన్ని పైదాకా పొడుగ్గా సులువుగా కోయగలిగేది పోయెమ్‌లోనే. రెండో టైపుకి మూడూ బాగానే పనిచేస్తాయి. అప్పుడు డబ్బు, వయసు చూసుకోవాలి. వయసు తక్కువై, జీవితాంతం పులుపు మాత్రలు వద్దనుకుంటే నేనైతే హెల్లర్ అంటాను. మత్తుకి తట్టుకోలేని ముసలివాళ్లకి ఆ కండరాన్ని వదులు చేసే బొటాక్స్ సూది ఉంది, కొన్ని నెలలే నిలుస్తుంది.

నాయనది రెండో టైపే, పోయెమ్ చేయించాం. ఇప్పుడు పరగడుపున ఒక మాత్ర, మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు. మొన్న చేపల పులుసుతో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు, కూర్చున్నచోటే.