వాన్ గో పార్కు బొమ్మ పట్టుకుని బెజవాడలో ఒకటిన్నర రోజు

గుంటూరు నుంచి బెజవాడకి రాత్రి బస ఎందుకని ఇంట్లో నవ్వారు, కానీ నాకు పొద్దున ఆరింటి వెలుగు కావాలి. సంచిలో ఒక ప్రింటు ఉంది. 1888లో డచ్ చిత్రకారుడు వాన్ గో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో, తను అద్దెకు తీసుకున్న పసుపు ఇంటి ఎదురుగా ఉన్న లామార్టిన్ పార్కును గీసిన సిరా బొమ్మ. అలాంటి గీతలతో బెజవాడలో ఒక చోటు నేనూ గీయాలని.

బస్టాండు దగ్గర లాడ్జిలో "రివర్ వ్యూ" అన్నారు, కిటికీ తీస్తే పక్కింటి గోడ! సరే, ఆ గోడ ముందే కూర్చుని బొమ్మ చూశాను. రెల్లు జాతి గడ్డి కాడను కత్తితో చెక్కి కలం చేసుకునేవాడు. అది సిరా ఎక్కువసేపు పట్టదు, అందుకే గీతలన్నీ పొట్టివి, ముంచగానే లావు, రెండు మూడు గీతలకే సన్నం. పచ్చికకు నిలువు గీతలు, ఆకులకు మెలికలు, కొన్నిచోట్ల ఉత్త చుక్కలు. ఎండ పడే చోట ఏమీ గీయలేదు, కాగితాన్నే వదిలేశాడు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. అప్పటి అతని సిరా చాలా బొమ్మల్లో నలుపు పోయి గోధుమరంగుకు తిరిగిందట.

పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదికి నడిచాను. వెలుగు అద్భుతం, కానీ 70 గేట్లూ స్కేలు పెట్టి గీయమన్నట్టు ఉంటాయి, నా చేతికి పని లేదు. రాజీవ్ గాంధీ పార్కు దగ్గరే ఉంది, ఖర్చు తక్కువ, పిల్లలతో వెళ్లేవాళ్లకి బాగుంటుంది, అయితే హారన్ల గోల, పైగా మొక్కలన్నీ ఒకే ఎత్తున కత్తిరించి ఉంటే ఎన్ని రకాల గీతలు పుడతాయి?

భవానీ ద్వీపమే నెగ్గింది. బోటు కోసం ఆగాలి, ఆరింటి వెలుగు ఆశ వదులుకోవాలి, తిరుగు బోటు టైం చూసుకుంటూనే గీయాలి, అయినా ఒడ్డున గడ్డి ఒక తీరు, పెద్ద చెట్లు ఇంకో తీరు, వెనక కృష్ణ ఖాళీ కాగితంలా తెల్లగా. వెదురు పుల్ల చెక్కి గీశాను, మూడో కాగితానికి గానీ నీళ్లను గీయకుండా వదిలేసే ధైర్యం రాలేదు.

మధ్యాహ్నం ఎండకి బందరు రోడ్డులో బాపు మ్యూజియంలో దూరాను, గంట చాలు. వెళ్లేవాళ్లు గది కిటికీ చూశాకే డబ్బులు కట్టండి, సిరా సీసాకి గట్టి మూత పెట్టుకోండి. నా సంచి ఇంకా ఉతకలేదు.