కాంపోనెంట్ కేబుల్ అని మామూలు వైరు అంటగట్టారు, నెల్లూరు వాళ్ళు చూసుకోండి

టీవీకి పెట్టి గేములు ఆడే ప్లేస్టేషన్ 2 (పీఎస్2)కి కేబుల్ కొనాలనుకునేవాళ్ళు ఇది చదివాకే షాపుకి వెళ్ళండి. ఏ షాపో పాత గేములు ఆడే అందరికీ తెలుసు, పేరు రాయను. కావలికి తిరిగొచ్చి గంట కూడా కాలేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి.

మా అన్న కువైట్ నుంచి వచ్చే వారం సెలవుకి వస్తున్నాడు. వాడు కొన్న పీఎస్2ని సిద్ధంగా ఉంచుదామనుకున్నా. పాత వైరు ఎలుక కొరికేసింది. ఎటూ కొంటున్నాం కదా, బొమ్మని మూడు వైర్లలో విడివిడిగా పంపి బాగా చూపించే కాంపోనెంట్ కేబుల్ కొందామని నిన్న 850 పెట్టి తెచ్చా. బొమ్మకి ఆకుపచ్చ, నీలం, ఎరుపు, సౌండ్‌కి తెలుపు, ఎరుపు. చూడ్డానికి అన్నీ ఉన్నాయి.

పెడితే బొమ్మ నలుపు తెలుపు! దాని మీద సన్నటి చుక్కలు పాకుతున్నాయి. సెట్టింగ్ తప్పేమో అనుకుని మెనూ సరిగ్గా కనబడాలని పాత వైరుకి టేపు చుట్టి పెట్టి, అందులో కాంపోనెంట్ సెట్టింగ్ దగ్గర ఆర్‌జీబీ తీసేసి రెండోది పెట్టా. అయినా అంతే. రాత్రి ప్లగ్గు మూత తీసి చూస్తే నీలం, ఎరుపు వైర్లు దేనికీ అతికించలేదు, కొసలు కత్తిరించి వదిలేశారు. ఆకుపచ్చది పాత పసుపు వైరు వెళ్ళే పిన్నుకే అతికించి ఉంది.

పొద్దున్నే బస్సెక్కి తీసుకెళ్ళా. షాపతను చేత్తో పట్టుకోను కూడా లేదు. "మూత తీసినావు కదా, ఇంక తీసుకోం" అన్నాడు. తీయకముందూ లోపల ఇంతే కదన్నా అంటే, "నీ డబ్బానే పోయుంటది, ఇరవై ఏళ్ళ దానికి ఇంకేం బొమ్మ వస్తది?" అన్నాడు.

అప్పుడే నీలం బ్యాగు వేసుకున్న ఒక కాలేజీ కుర్రాడు వచ్చి అదే కేబుల్ అడిగాడు. అదే అట్టపెట్టె తీసి, నా ఎదురుగా, "సూపర్ క్లారిటీ తమ్ముడూ, నిన్న కూడా ఒకాయన తీసుకున్నాడు" అని ఇచ్చాడు. ఆ నిన్న తీసుకున్నది నేనే. అదే వైరు చేతిలో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నా. నోరు పెగల్లేదు. ఆ అబ్బాయి డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. నా 850 కంటే నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

కొనేముందు షాపులోనే టీవీకి పెట్టి చూపించమనండి, కుదరదంటే వచ్చేయండి. ఇప్పటికే కొనేసిన వాళ్ళు ఆకుపచ్చ పిన్నుని టీవీలో పసుపు వీడియో సాకెట్‌లో పెట్టి చూడండి. రంగుల బొమ్మ వచ్చిందంటే అది బొమ్మంతా ఒక్క వైరులోనే పంపే మామూలు కాంపోజిట్ వైరే. అసలైన కాంపోనెంట్ అయితే అక్కడ రంగులు రావు.

నీలం బ్యాగు తమ్ముడూ, ఇది నీ కంటపడితే నువ్వు మాత్రం ప్లగ్గు మూత తీయకు. పైన చెప్పినట్టు పసుపు సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో వీడియో తీసుకుని షాపుకి వెళ్ళు. నాకు మెసేజ్ పెడితే ఈసారి నేనూ నీతో వస్తా.