ఎల్పీ రికార్డుకి లోపలి కవరు: కాగితమా, పాలిథినా?

ఎల్పీని, అంటే వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాటల రికార్డుని, అట్ట కవరులోంచి తీస్తే లోపల ఇంకో పల్చటి కవరు ఉంటుంది. గాడులకి నేరుగా తగిలేది అదే కాబట్టి, ముందు దాని గురించే ఆలోచించాలి.

మామూలు కాగితం కవరు చవక, అన్నిచోట్లా దొరుకుతుంది. కానీ రికార్డు తీసి పెట్టిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది, సన్నటి పీచు రాలుస్తుంది. రాపిడికి స్టాటిక్ (నిలవ కరెంటు) పుట్టి దుమ్ము అతుక్కుంటుంది. రికార్డుని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో అయితే కాగితం తేమ పీల్చి బూజు కూడా పడుతుంది.

యాంటీ స్టాటిక్ పాలిథిన్ కవరులో రికార్డు నున్నగా జారుతుంది, పీచు బాధ లేదు. ధర ఎక్కువే, అయినా వినైల్ రికార్డులకి నా ఓటు దీనికే. అయితే ప్లాస్టిక్ అని రాసినవన్నీ కొనేయకండి. మెత్తగా, ఘాటు వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దే వద్దు. వాటిలోని ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనం) ఏళ్ల తరబడి మెల్లగా బయటికొచ్చి రికార్డు మీద తెల్లటి మసక వేస్తుంది. కడిగినా అది పోదు, పాటలో బరబర వినిపిస్తుంది.

తాతల నాటి 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులకి మాత్రం ఆమ్లం లేని కాగితమే మేలు. ప్లాస్టిక్‌లో చెమ్మ చిక్కుకుంటే వాటికి ముప్పు.

ఏ కవరైనా సరే, రికార్డుల్ని నిటారుగా నిలబెట్టండి, దొంతర పెడితే వంకర తిరుగుతాయి. పాత కాగితం కవరు మీద పాటల వివరాలు అచ్చయి ఉంటే పారేయకుండా ఖాళీగా అట్టలోనే దాచండి.