మా 1978 ఫియట్ పద్మిని: 21 ఏళ్ల వాడకం తర్వాత

పాత ఫియట్ కొనాలని ఉంది, దారిలో ఆగిపోతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మా కారు 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. 2004లో మా బాబాయ్ దగ్గర తీసుకున్నాను, అప్పటి నుంచి విజయవాడలో నడుపుతున్నాను. ఈ 21 ఏళ్లలో తాడు కట్టి లాక్కురావలసి వచ్చింది మూడుసార్లు. రోడ్డు పక్కన ఆపి, అరగంటలో సరిచేసుకుని మళ్లీ బయల్దేరింది మాత్రం చాలాసార్లే ఉంది. ఒక నోటుపుస్తకంలో అవన్నీ తేదీలతో రాసిపెట్టుకున్నాను. తిరగేస్తే ఎక్కువ పేజీల్లో కనిపించేవి రెండే: పెట్రోలు అందకపోవడం, నీళ్లు మరిగిపోవడం. ఇంజన్ లోపల ఏదైనా విరిగి ఆగిన రోజు ఒక్కటి కూడా లేదు.

పద్మిని పేరు మనది, కారు పుట్టుక ఇటలీది. దీనికి మూలమైన ఫియట్ 1100 రకం అక్కడ 1953లో వచ్చింది. దాని 1100డి రూపాన్ని బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి తయారు చేసింది, 1974లో పద్మిని అని పేరు పెట్టింది. మన ఊళ్లలో మాత్రం ఎప్పుడూ ఫియటే. 1089 సీసీ ఇంజన్, పెట్రోలునీ గాలినీ కలిపి దానికిచ్చే కార్బురేటర్, స్టీరింగ్ పక్కన గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంది, ప్రతిదానికీ చెయ్యి అందుతుంది. నేను ఇన్నేళ్లు దీన్ని అట్టిపెట్టుకోవడానికి అసలు కారణం అదే.

ముందు పెట్రోలు సంగతి. ఇంజన్‌కి పక్కన ఆనుకుని చిన్న పంపు ఉంటుంది. ఇంజన్ తిరిగితే అదీ కొట్టుకుంటుంది, ట్యాంకులోంచి పెట్రోలు లాగి కార్బురేటర్‌కి ఇస్తుంది. బెజవాడ మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో పావుగంట నిలబడితే ఆ పంపు ఎంత వేడెక్కుతుందంటే పెట్రోలు లోపలే ఆవిరైపోతుంది. పంపు కొట్టుకుంటూనే ఉంటుంది, పైకి మాత్రం చుక్క రాదు. మా ఊళ్లో మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్‌లో దీన్ని ఎయిర్ లాక్ అంటారు. మొదటిసారి నాకు ఇది నందిగామ దాటాక, హైదరాబాద్ రోడ్డు మీద, టోల్ గేటు వరుసలో జరిగింది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే బాగా టెన్షన్ పడ్డాను, సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దించేశాను. ఆ రోజు ఫోన్‌లో మా మెకానిక్ మేస్త్రి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "కారుకి ఏమీ కాలేదు బాబూ. తువ్వాలు తడిపి పంపు మీద వెయ్యండి, పది నిమిషాలు నీడన కూర్చోండి." అలాగే చేశాను. నలుగురు సాయం పట్టి నెడితే స్టార్ట్ అయింది. అప్పటి నుంచి వేసవిలో ఒక తువ్వాలు, రెండు లీటర్ల నీళ్లు డిక్కీలో లేకుండా ఊరు దాటను. తర్వాత పంపుకీ ఇంజన్‌కీ మధ్య మందపాటి అట్ట ప్యాకింగ్ వేయించి, పెట్రోలు పైపుని సైలెన్సర్ వైపు నుంచి దూరంగా జరిపించాను. బాధ పూర్తిగా పోలేదు గానీ వేసవిలో ఒకటి రెండుసార్లకు తగ్గింది.

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఈ కారు తయారైన కాలంలో అలాంటి పెట్రోలు ఎవరూ ఊహించలేదు. ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. కారు రెండు వారాలు కదలకుండా ఉంటే ఆ తేమ ట్యాంకు అడుగున చేరి తుప్పు పడుతుంది, ఆ తుప్పు పొడి వచ్చి జెట్‌లో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో, ఇరుక్కుంటుంది. తాడు కట్టించిన మూడింటిలో ఒకటి దీనివల్లే అనుకుంటున్నాను. పంపులో డయాఫ్రం, అంటే పెట్రోలు లాగే రబ్బరు పొర, ఉబ్బి చిరిగిపోయింది, గుడివాడ నుంచి వస్తుంటే ఆగిపోయింది. అప్పుడు రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించాను. ట్యాంకు దించి కడిగించాను. కార్బురేటర్‌కి ముందు, లోపల చెత్త కనిపించే రకం ఫిల్టర్ పెట్టించాను. ఇథనాల్ ఎక్కువైతే ఇంజన్‌కి అందే పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది కాబట్టి మేస్త్రి మెయిన్ జెట్ ఒక నంబరు పెద్దది వేశాడు. పాత ఫియట్ ఎవరి దగ్గరున్నా ఈ పని ఇంకో ఏడాది వాయిదా వెయ్యొద్దని గట్టిగా చెబుతాను. వేడి ఇంజన్ పక్కన మెత్తబడిన పైపు కారితే అది ఆగిపోవడంతో పోయే వ్యవహారం కాదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

నీళ్ల విషయంలో పొరపాటు నాదే. 2011లో రేడియేటర్ పైగొట్టం పగుళ్లిచ్చిందని తెలిసీ, వచ్చే వారం మార్పిద్దాంలే అనుకున్నాను. ఏలూరు రోడ్డులో అది పగిలింది. వేడి ముల్లు ఎర్ర గీత దాటినా ఇంకో రెండు కిలోమీటర్లు నడిపాను. ఇంజన్ పైభాగం (హెడ్) కింద ఉండే ప్యాకింగ్, హెడ్ గ్యాస్కెట్, పోయింది, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా తెల్లగా మారింది. హెడ్ దించి, చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసేసరికి వారం పట్టింది. వంద రూపాయల గొట్టం దగ్గర అశ్రద్ధకి ఆ రోజుల్లో పదకొండు వేలు పెట్టాను. ఇప్పుడు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు రెండేళ్లకోసారి, బాగున్నా సరే, మార్చేస్తాను.

అయితే ఈ కారుని చంపేది వేడీ కాదు, పెట్రోలూ కాదు. తుప్పు. దీనికి కింద విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. రేకు తినేస్తే కారు బలమే పోతుంది. మా కారు మొదటి తొమ్మిదేళ్లు బందరులో ఉంది. ఆ ఉప్పుగాలి దాని అడుగంతా తినేసింది. పైన రంగు అద్దంలా మెరుస్తుంటే నేను పట్టించుకోలేదు. 2009లో డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ తీస్తే రోడ్డు కనిపించింది. తలుపుల కింది పెట్టెలు, వెనక చక్రాల మీది గూళ్లు, బ్యాటరీ కూర్చునే పళ్లెం, జాకీ పెట్టే చోట్లు అన్నీ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. టింకరింగ్, రంగు కలిపి 60 వేలు అయింది, కారు కొన్న డబ్బు కంటే ఎక్కువ. ఇంజన్ పని ఎంత పెద్దదైనా వారం పది రోజుల్లో తేలుతుంది. రేకు పని నెలలు తింటుంది, అది తెలిసిన మేస్త్రులు కూడా తగ్గిపోయారు.

అందుకే కొనబోయేవాళ్లు ఇంజన్ చప్పుడు వినే ముందు ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింద, చక్రాల గూళ్ల చుట్టూ ఆనించండి. పట్టుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. ఇంజన్ పొగ వదులుతున్నా ఫరవాలేదు, రేకు గట్టిగా ఉన్న కారే తీసుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇంజన్‌కి స్పార్క్ అందించే పాయింట్లు మూడు నాలుగు వేల కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి గ్యాప్ చూసుకోవాలి. ఆ పాయింట్లతో పాటు ఉండే కండెన్సర్ ఒకటి ఎప్పుడూ అదనంగా కారులో ఉండాలి, కొత్తగా కొన్నవి కూడా చెప్పాపెట్టకుండా పోతున్నాయి. ముందు చక్రాలు పక్కలకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్‌లకి నేను 1,500 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టిస్తాను, మానేస్తే స్టీరింగ్ బరువెక్కిపోతుంది. గేరు రాడ్ల బుష్‌లు అరిగితే గేర్లు మధ్యలో ఇరుక్కుంటాయి. కొత్త బుష్‌లు వేశాక వెన్నలా పడ్డాయి. పాత డైనమో సిటీలో ఛార్జింగ్ సరిగా ఇచ్చేది కాదు, ఆల్టర్నేటర్ వేయించాక రాత్రి లైట్ల గురించి బెంగ పోయింది. మైలేజీ ఊళ్లో పది, రోడ్డు మీద పన్నెండు, పదమూడు.

బ్రేకులు మాత్రం త్వరగా దాటేసే విషయం కాదు. మూడోసారి తాడు కట్టింది వీటివల్లే. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోయింది. వెనక చక్రం సిలిండర్‌లో రబ్బరు పోయి బ్రేక్ ఆయిల్ అంతా కారిపోయింది. సెకండ్ గేరులో ఉన్నాను కాబట్టి, హ్యాండ్ బ్రేకు లాగి గోడ వారగా ఆపగలిగాను. కారులో అమ్మ ఉంది. తను ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, నాలుగు చక్రాల సిలిండర్ కిట్లు, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలని. అవి అయ్యేదాకా వేరే ఏ పనికీ డబ్బు తియ్యను.

విడిభాగాలు దొరుకుతాయా అంటే, దొరుకుతాయి, వెతికితే. ఒకప్పుడు బొంబాయి టాక్సీలు దాదాపు అన్నీ ఇవే, అందుకని అక్కడి నుంచి సామాను ధారాళంగా వచ్చేది. 2023 అక్టోబర్‌లో అక్కడి చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు మీద నుంచి తప్పుకుంది. క్లచ్ ప్లేటు, బ్రేకు సామాను, గ్యాస్కెట్లు ఇప్పటికీ ఆటోనగర్‌లో తెప్పించి ఇస్తున్నారు. అద్దాల రబ్బర్లు, తలుపు హ్యాండిళ్లు, బంపరు కొమ్ములు మాత్రం ఎక్కడ కనిపిస్తే అక్కడ కొనిపెట్టుకోవాలి. నాకు సామాను కంటే మేస్త్రి గురించే బెంగ. ఆయనకి డెబ్బై దాటాయి. చెవి ఆనించి కార్బురేటర్ ట్యూన్ చేసే పని ఆయన కొడుకు నేర్చుకోలేదు, కారు స్కానర్ పెట్టుకునే షాపులో చేరాడు. అందుకని రెండేళ్లుగా ఆదివారాలు నేనే ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను. ట్యాపెట్లు (ఇంజన్ వాల్వుల గ్యాప్), పాయింట్లు ఇప్పుడు సొంతంగా పెట్టుకోగలను. కార్బురేటర్ ఇంకా ఆయనే చూడాలి.

ఏడాదికి పెట్రోలు కాకుండా ఖర్చు 25 నుంచి 30 వేల మధ్య వస్తోంది. దీనికి తోడు ఆర్‌సీ. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలు, తర్వాత 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025లో 10,000 చేశారు. 2028లో మా కారుకి 50 నిండుతాయి, వింటేజ్ కింద రాయించుకోమని స్నేహితులు అంటున్నారు. 2021లో వచ్చిన ఆ నిబంధనల ప్రకారం వింటేజ్ బండిని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ, పెట్రోలు కొట్టించుకోవడానికీ తప్ప రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. నేను దీంట్లో రైతుబజారుకి వెళతాను, అమ్మని గుడికి తీసుకెళతాను. మామూలు రెన్యువలే చేయిస్తాను.