హిగాన్ సెలవుల్లో ఒసాకా: గుడికి ఫుల్ మార్కులు, హోటల్‌కి సున్నా

2025లో సెప్టెంబర్ 23 మంగళవారం పడింది. జపాన్‌లో ఆ రోజు షూబున్ నో హి, పగలూ రాత్రీ సమానమయ్యే రోజని గవర్నమెంట్ సెలవు. సోమవారం ఒక్కటి లీవ్ పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి కదా అని నేనూ మా ఆవిడా టోక్యో నుంచి ఒసాకా బయల్దేరాం. ఈ డేట్ 22 గానీ 23 గానీ అవుతుంది, అబ్జర్వేటరీ వాళ్ళు లెక్కగట్టి ముందు ఏడాది ఫిబ్రవరిలోనే గెజిట్‌లో వేసేస్తారు, మనలా ఒక్కో పంచాంగంలో ఒక్కో రోజన్న గొడవే లేదు.

నోజోమి బుల్లెట్ ట్రైన్‌లో రెండున్నర గంటలు, మనిషికి 14 వేల యెన్‌ల పైనే. ఖరీదే గానీ పేరు పెట్టడానికి లేదు. హోటల్ దగ్గరే దెబ్బైపోయాం. అసలే ఒసాకాలో ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన నడుస్తున్న రోజులు, దానికితోడు సెలవుకి ముందు రాత్రి ఇక్కడ రేటు వేరే, అందుకని ఆదివారం రాత్రి రేటుకీ సోమవారం రాత్రి రేటుకీ పొంతనే లేదు. తెన్నోజి స్టేషన్ పక్కన దొరికిందే చాలని బుక్ చేసేశా, తీరా చూస్తే స్మోకింగ్ రూమ్, దిండు కూడా సిగరెట్ వాసన, మార్చమంటే ఖాళీల్లేవని వంగి వంగి దండాలు పెట్టారు తప్ప పని మాత్రం అవలేదు. సూట్‌కేస్ తెరిస్తే మంచం ఎక్కి నడవాలి.

గుడి మాత్రం అన్నీ మరిపించింది. షితెన్నోజి అనే బౌద్ధ గుడి, 593లో షోతోకు యువరాజు మొదలుపెట్టించాడని చెప్తారు. విషువత్తుకి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి, ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు కలిపి వారం హిగాన్, అంటే అవతలి ఒడ్డు, పోయిన పెద్దల్ని తలుచుకునే రోజులు. 22న సంత కూడా ఉంది, పాత కిమోనోలు, పింగాణీ గిన్నెలు, మా ఆవిడని అక్కణ్ణుంచి కదిలించడానికి గంట పట్టింది.

అక్కడ పల్చటి చెక్క ముక్క మీద చనిపోయినవాళ్ళ పేరు రాయించి, పూజయ్యాక కామెయిదో అనే చోట నీళ్ళలో వదులుతారు. ఆదివారం మహాలయ అమావాస్య, తర్పణం సంగతేంట్రా అని అమ్మ పొద్దున్నే ఫోన్‌లో క్లాసు పీకింది, అందుకని తాతయ్య పేరు రాయించా. వెంకట అని కటకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపాన్ లిపిలో, రాయడానికి అక్కడ రాసే పెద్దాయన మూడుసార్లు అడిగి, పలికి చూసుకుని మరీ రాశాడు. తడిసిన చెక్క మీద సిరా కొంచెం అలుక్కుంది, చూస్తూ నిలబడిపోయా.

23 సాయంత్రం పడమటి గేటు దగ్గర జనం చాపల మీద కూర్చున్నారు. ఆ రోజు సూర్యుడు సరిగ్గా పడమర దిగుతాడు, అమిదా బుద్ధుడి స్వర్గం కూడా పడమరే అని నమ్మకం, 1294 నాటి రాతి తోరీ (గుడి ముందుండే తోరణం లాంటి ద్వారం) మధ్యలోంచి ఆ వెలుగు చూస్తూ దండం పెట్టుకుంటారు. ఒకప్పుడు సముద్రం దగ్గరగా ఉండేదట, ఇప్పుడు బిల్డింగులూ కరెంటు వైర్లూ. మబ్బు పట్టి చివర్లో పది నిమిషాలే కనిపించాడు, చాలు. ముందే వెళ్ళి మధ్యలో చోటు పట్టుకోండి, పక్కకి కూర్చుంటే స్తంభమే దర్శనం. రాత్రి తొమ్మిది దాటాక కూడా టోక్యో ట్రైన్ ఉంటుంది, ఆ రాత్రికి రూమ్ దండగ.

తినడానికి ఒహగి: జిగురన్నం ఉండ లోపల, తీపి ఎర్ర బీన్స్ ముద్ద బయట, పూర్ణం బయటికొచ్చేసిన బూరె అన్నమాట. వసంతంలో ఇదే బోతమోచి. రెండు తింటే భోజనం అక్కర్లేదు.

తర్వాతి శనివారం టోక్యో పక్కనే ఉన్న సైతమాలో కించాకుదా అనే చోటికి వెళ్ళాం, ఏటి వంపులో 50 లక్షల ఎర్ర హిగాన్‌బనా పూలు, ఒక్కదానికీ ఆకుండదు, పువ్వు వాడాకే వస్తాయి. దుంప విషం, అందుకే ఎలుకలు రాకుండా పొలం గట్లమీద, సమాధుల పక్కన నాటేవాళ్ళట. టికెట్ 500 యెన్‌లు, కోమా స్టేషన్ నుంచి పావుగంట నడక. ఫోటోలకి బ్రహ్మాండం, ప్రశాంతత మాత్రం వెతకొద్దు, క్యూలో నడిచినట్టే.

మార్చిలో వసంత విషువత్తుకీ సెలవే, ఆ రోజూ సూర్యుడు ఆ తోరీలోంచే దిగుతాడు. రూమ్ ఇప్పుడే వెతుకుతున్నా, నాన్ స్మోకింగ్ అని రెండుసార్లు చూసుకుని మరీ.