బాపు మంచం ఎదురుగా పెట్టిన వైట్ బోర్డు, 4 నెలలు వాడాక

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక స్టేషనరీ షాపులో కొన్నాం. 3 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, 1100 రూపాయలు, మార్కర్లు, డస్టర్ వేరే. ట్యూషన్లలో వాడే మామూలు బోర్డే. తలకు దెబ్బ తగిలిన మనిషి ఉన్న ఇంట్లో ఇది ఎంత ఆసరాగా ఉంటుందో మాకు ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

మా బాపు కరీంనగర్ రోడ్డులో బండి మీది నుంచి పడ్డాడు, హెల్మెట్ లేదు. ఆసుపత్రి కాగితాల్లో జీసీఎస్ 7 అని రాశారు, అంటే మనిషికి తెలివి ఎంత ఉందో కొలిచే లెక్క. 15 అంటే పూర్తి తెలివిలో ఉన్నట్టు, 8 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే తీవ్రమైన దెబ్బ కింద లెక్క. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. ఎప్పుడో మూతపడ్డ ఆజంజాహి మిల్లులో తన పక్క మగ్గం మీద ఎవరుండేవారో చెప్తాడు, పొద్దున ఏం తిన్నాడో మాత్రం గుర్తుండదు. "ఇయ్యాల ఏం వారం బిడ్డా?" అని గంటలో పదిసార్లు అడిగేవాడు. మేం విసుక్కుంటే ఆయనకు కోపం, ఆ తర్వాత అమ్మ ఏడుపు.

స్పీచ్ థెరపీ మేడమ్ ఒక మాట చెప్పింది: "గుర్తుందా, చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దు, ఊహించి తప్పు చెప్తే ఆ తప్పే మనసులో నిలుస్తుంది, జవాబు మీరే ముందు చెప్పండి అని. ఆ రోజే బోర్డు కొన్నాం. తారీఖు, వారం, "నువ్వు మన ఇంట్లోనే ఉన్నావు, తలకు దెబ్బ తగిలింది, తగ్గుతోంది", ఇవాళ ఎవరెవరు వస్తారు, ఫిట్స్ గోళీ వేసుకున్నాడా లేదా. ఇప్పుడు అడగకుండా అటే చూస్తాడు.

ఎక్కువ ఉపయోగపడింది మాత్రం చుట్టాల కోసం రాసిన కింది వరుస. అంతకుముందు వచ్చిన ప్రతి ఒక్కరూ "నన్ను గుర్తువట్టినవా?" అనేవాళ్లు, ఆయన తడబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, టీవీ మోగినా మెదడు అలసిపోతుంది, సాయంత్రానికి అరుపులు, అది ఆయన గుణం కాదు, దెబ్బ వల్ల వచ్చింది. "ముందు మీ పేరు, వరస చెప్పండి. 15 నిమిషాలు చాలు" అని రాశాం. దసరాకి మేనత్త గడపలో నిలబడి అది చదువుకుని, "తమ్మీ, నేను హుజురాబాద్ అక్కను" అంటూ లోపలికి వచ్చింది. బాపు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఒక్క జాగ్రత్త. ఒకరోజు ముందురోజు టిక్కు చెరపడం మర్చిపోయాం, వేసుకున్నాడనుకుని పొద్దుటి గోళీ ఇవ్వలేదు. ఫిట్స్ గోళీతో అలా చేయకూడదు. ఇప్పుడు పడుకునే ముందు చెరిపేది అమ్మే, వేరే ఎవరూ ముట్టరు, గోళీల డబ్బా కూడా విడిగా పెట్టుకున్నాం.

లోపాలు ఉన్నాయి. బోర్డు మరీ నునుపు, ట్యూబ్‌లైట్ మెరుపు కళ్లల్లో పడి ఆయనకు తలనొప్పి వచ్చేది, బోర్డు చోటు మార్చాక తగ్గింది. బోర్డుతో ఇచ్చిన కొక్కేలు బలం లేవు, వేరేవి కొట్టించాం. కొనేటప్పుడు షాపులోనే లైటు కింద నిలబెట్టి చూసుకోండి. మార్కర్ నల్లది తీసుకోండి, ఎరుపుదైతే తడిగుడ్డతో తుడిచినా మరక ఉండిపోతోంది.